గుర్రపుశాలలో ఉలవలు

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు మా పిన్ని దయ్యం కథలు చెబుతుంటే మధ్యలో ప్రశ్నలు వేసి ఆవిడ్ని విసిగించేదాన్ని. ఇది చదివి ఎవరైనా నన్ను అలాగే విసిగించినా తప్పు పట్టను.

2009లో మేం బ్రూక్లిన్‌లో ఒక ఇరుకు వీధిలో అద్దెకుండేవాళ్లం. ఒకప్పుడు ఆ వీధంతా గుర్రపుశాలలేనట, తర్వాత ఇళ్లుగా మార్చారు. మా వంటగది గోడకి గుర్రాన్ని కట్టే ఇనుప కడియం అలాగే ఉండేది. మా ఆయన దానికి గొడుగు తగిలించేవారు.

ఆ చలికాలం, ఏడో నెలలో, మా పాప కడుపులోనే పోయింది. హాస్పిటల్ నుంచి వచ్చాక నాకు ఏడుపు రాలేదు. మా ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఇద్దరం మంచు గురించి, ట్రెయిన్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇలాగే ఒకరికొకరం కాకుండా పోతామేమోనని భయం వేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉలవచారు కాచాను. మా వైపు కట్టు వంచుకున్నాక ఉడికిన ఉలవలు పారేయరు, గొడ్లకి పెడతారు. బ్రూక్లిన్‌లో గొడ్లెక్కడివి? అయినా ట్రాష్‌లో వేయడానికి చెయ్యి రాలేదు. స్టీలు బేసిన్‌లో పోసి ఆ కడియం కింద పెట్టి, వెళ్లి పడుకున్నాను.

లేచి చూస్తే బేసిన్ ఖాళీ. లోపలంతా నాకినట్టు తడిగా ఉంది. తలుపులు, కిటికీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మా ఆయన లాండ్రీ నుంచి ఇంకా రాలేదు.

బేసిన్ తీద్దామని వంగి లేచాను. భుజం మీద ఏదో బరువుగా, వెచ్చగా ఆనింది. మెడకి ఊపిరి తగిలింది. భయం వేయలేదు, అదే విచిత్రం. నా కోసమే ఎవరో వచ్చినట్టనిపించింది. పాప పోయాక మొదటిసారి, అక్కడే నిలబడి ఏడ్చాను.

అంతలో మా ఆయన బట్టల సంచితో వచ్చారు. జరిగింది చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన సంచి దింపి, ఆ కడియం మీద చెయ్యి వేశారు.

"ఎడమ భుజం మీదే కదా," అన్నారు. ఏ భుజమో నేను చెప్పనేలేదు. "రోజూ పొద్దున నువ్వు లేవకముందు ఇక్కడికొచ్చే ఏడుస్తున్నాను."

పాపకి పెడదామనుకున్న పేరు ఆ రోజు ఇద్దరం పైకి అన్నాం.

ఎలకలై ఉంటాయన్నారు స్నేహితులు. ఉలవల సంగతి కావచ్చు. భుజం మీద బరువు సంగతి మాత్రం నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఇప్పుడు చాండ్లర్ అనే ఊళ్లో ఉంటున్నాం, కొత్త ఇల్లు. ఉలవచారు కాచినప్పుడల్లా ఒక బేసిన్ గోడ పక్కన పెడతాను. సాయంత్రానికి ఉలవలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి.