అతికించిన సూర్యుడు

మా మేనమామ ఇరవయ్యేళ్లుగా పగలు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు, సాయంత్రం మేడెక్కి మబ్బుల్ని తీస్తాడు. పొద్దుగుంకిన పావుగంటకి కింది నుంచి వెలుగు తగిలి మబ్బులు భగ్గుమంటాయి. అందుకోసం పదకొండు సాయంత్రాలు కాచుకుని తీసిన ఫొటోని క్యాలెండర్‌కి ఇచ్చాడు. అచ్చయి వస్తే, మబ్బుల పైన గుడ్డుసొనలాంటి సూర్యుడు!

మామయ్య ప్రెస్సుకెళ్లి విరుచుకుపడ్డాడు. "వెలుగు కింది నుంచి వస్తుంటే సూర్యుణ్ణి నెత్తిన అతికిస్తావా? నీకసలు కళ్లున్నాయా?"

"సూర్యుడు లేకపోతే సూర్యాస్తమయమని ఎవరికి తెలుస్తుందండీ? అందరికీ నచ్చింది," అన్నాడు ప్రెస్సు ఓనరు తాపీగా. "అన్నట్టు, నా పాస్‌పోర్టు ఫొటో అయిందా?"

"అయింది. బట్టతల బాగోలేదని ఒత్తుగా జుట్టు అతికించాను. అందరికీ నచ్చుతుంది. పట్టుకెళ్లి పాస్‌పోర్టు ఆఫీసులో చూపించు!"