చిరగని పేజీ

మొన్న నందిగామ బస్టాండులో నిలబడితే మిరపకాయల లారీ పక్కన ఆగింది. ఆ ఘాటుకి తుమ్ము రాకముందే మరియమ్మత్త గుర్తొచ్చింది.

నాకప్పుడు పదేళ్ళు. జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్ళో, బుధవారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో పుస్తకం చదివే పని నాది. పెద్దవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. కరువులో బిడ్డను పోగొట్టుకున్నా ప్రార్థన మానని ఒక తల్లి కథ అది. మరియమ్మత్త మిరపకోత నుంచి నేరుగా వచ్చి ముందు కూర్చునేది. ప్రతి వారం ఒకే చోటు అడిగేది.

"బిడ్డను మట్టిచేసి ఇంటికొచ్చిందే, ఆ ముక్క మళ్ళీ చదువమ్మా."

"ఎన్నిసార్లే? పిల్ల నోరు పడిపోద్ది!" అని అందరూ నవ్వేవాళ్ళు.

నా చదువు బాగాలేదని నలుగురిలో ఎత్తిచూపుతోందనుకున్నాను. మూడు వారాలు ఓర్చుకున్నాను. నాలుగో వారం, "ఆ పేజీ చిరిగిపోయిందత్తా" అన్నాను. పేజీ నా వేలి కిందే ఉంది.

"అయ్యో, సగమే నోటికొచ్చిందమ్మా. చేలో అది అనుకుంటుంటేనే చెయ్యి ఆడతంది" అంది.

అంతకుముందు ఎండాకాలమే ఆమె కొడుకు పోయాడు. అది నాకూ తెలుసు. అయినా పేజీ తిప్పేసి ముందుకు చదివాను.

నన్ను చిన్నబుచ్చినవాళ్ళు ఎప్పుడు ఏమన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. నేను బాధపెట్టిన మరియమ్మత్త మాత్రం నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఎన్నో బుధవారాలు నా ఎదురుగానే కూర్చుంది.