మూడు ముక్కల తాళం

సారు మనల్ని నమ్మలేదన్న మాట నేను ఒప్పుకోను. నిన్న సారు దినాల భోజనం దగ్గర భాయ్ ఆ మాట అన్నప్పుడు నా నోట్లో ముద్ద ఉంది. మింగి జవాబు చెప్పేలోపు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. అందుకే ఇక్కడ, సారు స్మృతి పుస్తకంలో చెబుతున్నాను.

సారు పోయి పదకొండు రోజులైంది. పొద్దున చాయ్ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. మాతో కలిసి పనిచేసే మేడమ్ ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో సాంచాల షెడ్డులో ఉన్నాను. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులో ఆమె "సార్ పోయిండు తమ్ముడూ" అంటే, ఎక్కడికి పోయిండని అడిగాను. ఆమె ఇంకోసారి చెప్పలేదు. ఏడ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. సారు కోరుట్లలో పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యారు. భాయ్‌కి అక్కడే సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. దాని వెనక గదిలో, ఆఫీసులూ కాలేజీలూ పక్కన పడేసిన కంప్యూటర్లు తెచ్చి ఇద్దరూ కలిసి వైర్లతో ఒకదానికొకటి కలిపారు. విడివిడిగా అన్నీ ముసలివే. కలిస్తే మాత్రం ఉపగ్రహం తీసిన ఎంత పెద్ద ఫొటోనైనా నమిలేవి. చెరువుల మీద, పంటల మీద పరిశోధన చేసేవాళ్లు వచ్చి వాడుకునేవారు. కిరాయి లేదు. షరతు ఒక్కటే. వెళ్లేముందు, గదిలో ఎవరుంటే వాళ్లకు తమకొచ్చిన పని ఒకటి నేర్పి వెళ్లాలి. జగిత్యాల కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్ అలా ఒక పని మీద వచ్చి, మాలో మనిషైపోయింది. మిగతా వేళల్లో సారు అదే గదిలో మాతో చుట్టుపక్కల ఊళ్ల కుంటలు, వాగులు, బాటల మ్యాపు తయారుచేయించేవారు. ఇబ్రహీంపట్నం నుంచి గల్ఫ్‌కు పోయిన ఒకన్న శుక్రవారం సెలవు నాడు అక్కడినుంచే ఫోన్‌లో తన ఊరి బాటలన్నీ గీసి పంపేవాడు. సారు అతని పేరు కూడా గోడ మీద మా పేర్ల వరసలోనే రాశారు.

నేను వచ్చింది బట్టతో. కాగితం మ్యాపు ఊళ్లో నాలుగు చేతులు మారితే చినుగుతుందని, సారు వెడల్పు బట్ట కోసం మా షెడ్డుకు వచ్చారు. నేను బట్ట కొలుస్తూ మధ్యలో మూడుసార్లు బయటికి వెళ్లొచ్చాను. నాది అదే రోగం. ఒకచోట నిలబడలేను. బడిలోనూ అంతే. తొమ్మిదో తరగతిలో ఇంగ్లిష్ డిక్టేషన్ జరుగుతుంటే లేచి బయటికొచ్చినవాణ్ని మళ్లీ లోపలికి పోలేదు.

"నీకు కుదురు లేదారా?" అన్నారు సారు.

లేదన్నాను.

"మంచిది. నాకు గసొంటోడే కావాలె."

తెర మీద కనబడేది నేల మీద ఉందో లేదో బండేసుకుని పోయి చూసి రావడం నా పని. మేడిపల్లి దగ్గర ఒకసారి కొత్త కుంట కనబడింది. మేడమ్ సంబరపడింది. నేను పోయి చూస్తే వడ్ల కుప్పల మీద కప్పిన నీలం టార్పాలిన్లు. ఫోన్ చేసి చెబితే సారు నవ్వీ నవ్వీ దగ్గొచ్చి ఫోన్ భాయ్‌కిచ్చారు. అప్పటినుంచి ప్రతి కుంట పక్కన 'పోయి చూసింది ఎవరు' అని ఒక గడి పెట్టారు. "మిషిను చెప్తది. కాళ్లు ఒప్పుకోవాలె" అనేవారు. ఆ గడిలో నా పేరు ఎన్నిసార్లుందో లెక్కపెట్టలేదు. బడిలో ఏ కాగితం మీదా అన్నిసార్లు లేదు.

గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. సైకిలు పంపుతో కంప్యూటర్ల దుమ్ము తనే ఊదేవారు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే పంపు వాళ్ల మొహం మీదికి తిప్పేవారు.

ఇక తాళం సంగతి. అన్నిటికీ పెద్ద మిషను ఒకటుంది. ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పిన కుంటల పేర్లు, వాగుల పేర్లు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. చెప్పినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. అది ఆగి మళ్లీ లేచినప్పుడల్లా తాళం అడుగుతుంది. ఆ తాళం మాట సారు మా ముగ్గురితో మూడు ముక్కలుగా పెట్టించారు. ఎవరి ముక్క వాళ్లకే తెలియాలి. మొదట భాయ్, తర్వాత నేను, చివర మేడమ్.

"మరి మీ ముక్క?" అని మేడమ్ అడిగింది.

"నాకెందుకు? నేను లేకున్నా మీరు కలువాలె గదా."

ఆ రోజు నాకు తెలిసిన ఒక జాగా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాను. సాయంత్రం సారు ఒక్కరే ఉన్నప్పుడు నసిగాను. నాకు స్పెల్లింగ్ రాదు, తప్పు కొట్టి ఉంటానన్నాను.

"మిషిను రెండుసార్లు అడిగింది గదా. రెండుసార్లు ఒక్కతీరుగనే కొట్టినవా?"

"కొట్టిన."

"గట్లైతే అది తప్పు గాదురా. తాళం."

నా స్పెల్లింగును చూసి నవ్వని మనిషిని నేను మొదటిసారి చూశాను.

నిన్న భాయ్ అన్నది ఈ ముక్కల గురించే. "నమ్మేటోడైతే తాళం ఒక్కనికిస్తడు. గది నాది, కరెంటు నాది. నాకు గూడ ముక్కనే ఇచ్చిండు తమ్మీ" అన్నాడు. సారు పోయిన రోజు గాలివానకు కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా ఖాళీ అయి పెద్ద మిషను ఆగిపోయింది. ఇంతవరకు లేపలేదు. భాయ్ తన ముక్క కొట్టనన్నాడు. మిషనులో ఉన్నదంతా తుడిచేసి గది ఖాళీ చేస్తానన్నాడు. తుడిస్తే ఆ పేర్లన్నీ పోతాయి.

భాయ్, నీకు ఆ నెల గుర్తులేదా? నేను ఊరికే అటూ ఇటూ తిరుగుతూ వైరు తన్నితే మిషను మూడు రోజులుగా చేస్తున్న లెక్క పోయింది. నన్ను గదిలోకి రానిచ్చుడే తప్పన్నావు. నేనూ అనకూడనివి అన్నాను. నెల రోజులు మాటల్లేవు. అప్పుడు ఒక మధ్యాహ్నం సారు ముగ్గురికీ ఫోన్ చేశారు. కరెంటు పోయి మిషను ఆగింది, ఉన్నపళంగా రమ్మన్నారు. మేడమ్ జగిత్యాల నుంచి, నేను సిరిసిల్ల నుంచి ఎండలో వచ్చాం. సారు అమాయకంగా కూర్చుని ఉన్నారు.

"కరెంటు ఎప్పుడు పోయింది సార్?" అంది మేడమ్.

"గిప్పుడే. నీ కోసమే అచ్చినట్టుంది మల్ల."

నీ దుకాణంలో ఆ రోజు కరెంటే పోలేదు. ఇన్వర్టర్ మీద పచ్చ లైటు నిండుగా వెలుగుతోంది. నువ్వు దాన్ని చూశావు, నన్ను చూశావు. ఇద్దరం నోరు మూసుకుని ఎవరి ముక్క వాళ్లం కొట్టాం. తర్వాత చాయ్ నువ్వే తెప్పించావు. నమ్మని మనిషి అట్లా చేస్తాడా? మనం విడిపోతామన్న భయం ఉన్న మనిషి చేస్తాడు.

ఈ స్మృతి పుస్తకానికి రాయమని మేడమ్ అడిగింది. తప్పులుంటే దిద్దొద్దని చెప్పాను. ఇంతవరకు రాసింది ఇందాకే ఫోన్‌లో చదివి భాయ్‌కి పంపాను. లేచి వాకిట్లోకి వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఇప్పుడే ఫోన్ చేశాడు. ఏడ్చినట్టున్నాడు గానీ, ఆ సంగతి అడగనివ్వలేదు.

"నా ముక్క కొట్టిన. మేడమ్ జగిత్యాల్ల బస్సెక్కింది. నువ్వెక్కడ సచ్చినవ్‌రా తమ్మీ?"

తెర మీద అతని అక్షరాలు కనబడవు. నల్లటి చుక్కలే ఉంటాయి. వాటి పక్కన, నా ముక్క మొదలవ్వాల్సిన చోట, సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. నేను పోవాలి.