అమెలాలా మలుపు

మా మలుపు దగ్గర మటాటు వ్యాను ఆగిందంటే కండక్టరు నోట ఒకటే కేక. "అమెలాలా! అమెలాలా వాళ్ళు నిద్ర లేవండి, దిగండి!" వ్యానంతా పకపకా నవ్వుతుంది. స్వాహిలీలో అమెలాలా అంటే నిద్రపోయాడని. నిద్రపోయిందన్నా అదే మాట, ఆడామగా తేడా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పరాచికం, వాళ్ళకు విసుగన్నది లేదు. నేను ఈ మలుపులో ఇరవై రెండేళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నాను. పేరెలా వచ్చిందని ఎవరైనా అడిగితే పంక్చరు చూసుకుంటూ ఊరుకుంటాను. కానీ నసాంబు సంగతి చెప్పాలంటే అది చెప్పక తప్పదు.

నసాంబు మొగుడు ముఖ్వానా చెరకు నరికే కూలీ. మంచివాడే, కాకపోతే బుసా కల్లు కుండ కనిపిస్తే కాళ్ళు ముందుకు పడేవి కావు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక మంగళవారం, సంత రోజు, తెల్లవారుజాము నుంచి చెరకు నరికి వచ్చి, ఇక్కడ తూము గోడకు ఆనుకుని, టోపీ మొహం మీదకు లాక్కున్నాడు. సంతకు పోయేవాళ్ళందరూ చూశారు. పొద్దున్నే పట్టించాడని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. "పెట్టి పుట్టాడురా" అని కూడా అన్నాను.

ఎండెక్కాక నసాంబు కర్రపెండలం బుట్ట నెత్తిన పెట్టుకుని అటే వచ్చింది. తోటి ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమ్మా, మీ ఆయన తూముకి కాపలా కాస్తున్నాడా ఏంటి? లేపమంటావా?"

"అమెలాలా. వదిలెయ్యండే. తెల్లారగట్ల నుంచి ఒళ్ళు హూనం చేసుకున్నాడు పాపం," అంది నసాంబు. బుట్ట దించకుండానే అంది, దించకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం సంత నుంచి వచ్చి ఆమే టోపీ తీసింది. పెదవుల మీద చీమలు. గుండె ఎప్పుడాగిందో ఎవరికీ తెలియదు. ఆమె ఆ మాట అన్నప్పుడు ప్రాణం ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

మొదట్లో జనం భయంగానే అనేవారు, 'నసాంబు మొగుడు అమెలాలా అయిన చోటు' అని. అంత పొడుగు పేరు ఎవరికి తీరిక? ఏడాది తిరిగేసరికి అమెలాలా ఒక్కటే మిగిలింది. రెండేళ్ళకు మటాటు వాళ్ళకు దొరికింది. తర్వాత పుట్టిన పిల్లలకు అదొక తమాషా పేరు, అంతే. ఆమె నోటి మాట ఊరి నోట పడి మళ్ళీ వెనక్కి రాలేదు.

ఆమె మాత్రం ఆ మాట మానేసింది. కొడుకు సిమియూ చిన్నప్పుడు నిద్రపోతే "కళ్ళు మూసుకున్నాడు" అనేది. తూము పక్కనే కుంపటి పెట్టి మొక్కజొన్న కండెలు కాల్చి అమ్మేది. "అక్కడే ఎందుకు వదినా, సంతలో కూర్చోరాదా?" అని నేనొకసారి అడిగాను. "ఈసారి ఎవరైనా పడుకుంటే నేను లేపుతాను," అంది.

ఆ పేరు ఆమె ముందు అన్నవాడికి కండె అమ్మేది కాదు. ఒక కండక్టరు కావాలని చెవి దగ్గరకొచ్చి అరిస్తే, నిప్పుల మీదున్న కండెతో మూతి మీద వాత పెట్టింది. చీఫ్ సభ జరిగిన ప్రతిసారీ వెళ్ళి వెనక బల్ల మీద కూర్చునేది. చివర్లో లేచి నిలబడేది.

"పేరు నేను పెట్టానా కుఖూ?" అనేవాడు చీఫ్. ముసలమ్మలను మేము కుఖూ అనే పిలుస్తాం. "జనం పెట్టుకున్నారు. జనం నోటికి తాళం వెయ్యమంటావా?"

"నా మొగుడికి పేరుంది. అది పెట్టు. చచ్చినవాడిని చూసి నవ్వే ఊరు ఇంకెక్కడైనా ఉందా?"

గతేడాది రోడ్డు వాళ్ళు బోర్డులు పాతుతుంటే చీఫ్ ఆమె పోరు పడలేక సరేనన్నాడు. నీలం బోర్డు మీద తెల్ల అక్షరాలు: ముఖ్వానా. నసాంబుకు చదువు రాదు. అయినా ప్రతి శనివారం స్టూలు వేసుకుని ఆ బోర్డు తుడిచేది. నేను ఆమె ముందు ముఖ్వానా అనేవాడిని, ఆమె అటు తిరగగానే అమెలాలా అనేవాడిని. అందరిదీ అదే బుద్ధి. ఆమె ఎదుట ఒక ఊరు, వెనక ఒక ఊరు.

ఈ ఏప్రిల్లో వానలు ముదిరాయి. సిమియూ దూరంగా రాళ్ళ క్వారీలో పనికి పోయాడు. అతని భార్య నలియాకాకు నెలలు నిండకముందే, మొక్కజొన్న కలుపు తీస్తుండగా నొప్పులు వచ్చాయి. నలియాకా అంటే మాలో కలుపుల కాలంలో పుట్టిన పిల్ల అని. ఆ కాలమే ఆమెను పొలంలో పట్టుకుంది. బిడ్డ తొందరగానే పుట్టింది, ఆడపిల్ల. రక్తం మాత్రం ఆగలేదు. నేనూ ఇంకో ముగ్గురూ కలిసి ఆమెను, పక్కన బిడ్డను, మంచంతో సహా రోడ్డు దాకా మోసుకొచ్చి తూము దగ్గర దించాం. మోటారు సైకిలు మీద కూర్చోబెట్టే స్థితి కాదు. నసాంబు ఆసుపత్రి బండికి ఫోన్ చేసింది. చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టింది. డ్రైవరు మాట మాకందరికీ వినిపించింది.

"ఎక్కడమ్మా?"

"ముఖ్వానా."

"సరే, వస్తన్నా."

మా వైపు కవలలు పుడితే ఒకడికి ముఖ్వానా అనే పేరు పెడతారు. ఊరికి ఇద్దరు ముగ్గురుంటారు. ఈ ముక్క మాలో ఒక్కడికైనా ఆ నిమిషంలో తట్టాలి కదా? తట్టలేదు. అరగంటకు డ్రైవరే ఫోన్ చేశాడు.

"ముఖ్వానా పిండిమర దగ్గరున్నానమ్మా. ఇక్కడ ఎవరూ లేరేంటి?"

ఆ మర ఏటికి అవతల, ఇరవై కిలోమీటర్ల దూరం.

"మర కాదు నాయనా, మలుపు. ముఖ్వానా మలుపు. బోర్డుంది," అంది నసాంబు.

"ఆ పేరుతో మలుపేదీ నాకు తెలీదమ్మా. జనం ఏమంటారు దాన్ని?"

"వదినా, ఆ పేరు చెప్పు," అన్నాను. నసాంబు మొహం పక్కకు తిప్పుకుంది. ఫోన్ లాక్కుని నేనే చెప్పి ఉండాల్సింది. ఆమె ఎదుట నాలుక కరుచుకుని బతికిన పంతొమ్మిదేళ్ళు నా చెయ్యి లేవనివ్వలేదు. ఆ పిరికితనానికి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. అమ్మా, అమ్మా అంటూ డ్రైవరు పిలుస్తూనే ఉన్నాడు. నసాంబు కోడలి పాదాలు పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయేమో, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమెలాలా," అంది.

"పడుకుందా? హమ్మయ్య! అయితే కదిలించకండి, పడుకోనివ్వండి. రోడ్డంతా బురద, మెల్లగా వస్తా." ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు నాకు చెయ్యి లేచింది. నా ఫోన్ నుంచి రెండుసార్లు చేసినా దొరకలేదు, మూడోసారి దొరికాడు. "ఒరేయ్, అది మనిషి కాదురా, ఊరు! ఊరి పేరు!" అని అరిచాను.

"ఆ అమెలాలానా? అది నాకు తెలుసు కదయ్యా! రోజూ అటే పోతా. ముందే చెప్పి ఏడవకూడదూ?"

వాడి తప్పేం లేదు. ఆ బురదలో ఎంత వేగంగా రావచ్చో అంత వేగంగా వచ్చాడు. అప్పటికి నలియాకా పోయింది. నసాంబు ఆమె చెంపల మీద కొడుతూ "లేవే, లేవే తల్లీ" అంటోంది. బండిలోంచి దిగిన నర్సు నాడి పట్టుకుని చూసి, బిడ్డను ఎత్తుకుని తుడవడం మొదలుపెట్టింది.

సమాధి చేసిన నాలుగో రోజు నసాంబు నా కొట్టుకొచ్చింది. బిడ్డ వీపున కట్టుకుని ఉంది. సైకిలు మడ్‌గార్డులకు వేసే రంగు డబ్బా చూపించింది.

"ఆ బోర్డు మీదది గీకెయ్. పాత పేరు రాయి."

"వదినా, అంత పోరు పెట్టి సాధించావు. దాని వల్లే అని ఎందుకనుకుంటావ్? మర దగ్గరికి పోవడం వాడి ఖర్మ..."

"నాకు ఓదార్పు చెప్పకు వముకోటా. ఆయన పేరు నిలబెట్టాలని ఈ పిల్ల తల్లిని చంపుకున్నాను. చచ్చినోడికి బండితో పనేముంది? బతికున్నోళ్ళకే బండి రావాలి."

నేను కాదనలేదు. కాదంటే అబద్ధం. స్టూలు తెచ్చి ఎక్కాను. నీలం మీద ముఖ్వానా పోవడానికి చాలాసేపు పట్టింది, రంగు మంచిది వేశారు. ఆమె కింద నిలబడి, బిడ్డను ఊపుతూ, ఆ పొడి తన మీద రాలుతున్నా పక్కకు జరగలేదు. తర్వాత రాశాను. నా రాత గొప్పదేం కాదు, చివరి అక్షరం కిందకు జారింది.

"ఏం రాశావో చదువు," అంది.

రంగు డబ్బా మూత బిగించసాగాను.

"చదువు వముకోటా. నాకు చదువు రాదు కదా. నువ్వు నా మీద జాలితో ఆయన పేరే మళ్ళీ రాసుంటే నాకెలా తెలుస్తుంది?"

చదివాను.

"అలా గొణగకు. ఫోన్లో డ్రైవరుకి వినపడాలి."

గట్టిగా చదివాను. ఆమె తల ఊపి, నా మాట వెంబడే తనూ అంది, ఇంకోసారి అంది. గొంతు పగిలేలా మూడోసారి అంటుంటే వీపు మీద బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.