పి, ఏ, టి, ఏ

ఆ సంగీత పాఠశాలలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మూడంతస్తులకూ దగ్గరుండి నెట్ వైర్లు లాగించిన మనిషి కనుక అందరికీ వైరమ్మే. తర్వాత ఫైళ్ళన్నీ క్లౌడ్‌కు ఎక్కాయి, వైర్లు సగం ఊడిపోయాయి, పేరు మాత్రం పోలేదు.

పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లంటే ఆమెకు గిట్టదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని, ఏ పనికైనా స్క్రిప్టని పదిహేను లైన్ల బుల్లి ప్రోగ్రాము రాసి పడేసేది. వాటికి చుట్టరికాల పేర్లు పెట్టేది. అయిదు నిమిషాలకోసారి సర్వర్లను తొంగిచూసి సణిగేది 'అత్తగారు'. ఫైళ్ళను అక్కడినుంచి ఇక్కడికి మోసేది 'మరిది'. చెత్త ఊడ్చేది 'పెద్ద కోడలు'. ఈ కోడలంటే వైరమ్మకు కాస్త గర్వం ఎక్కువ.

కోడలి పనల్లా ఒకటే. 'పాత' అని పేరున్న ఫోల్డర్లను వెతకాలి. నెలరోజులుగా ఎవరూ కొత్తగా ఏమీ చేర్చకపోతే, క్లౌడ్ చెత్తబుట్టలో కూడా మిగల్చకుండా తుడిచెయ్యాలి. ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలని కట్టడి చేసిందీ వైరమ్మే. కాబట్టి 'పాత' అంటే పి, ఏ, టి, ఏ. అక్కరలేనిది అందులో పడేస్తే చాలని ఆఫీసులో అందరికీ తెలుసు.

గాత్రం టీచరుకు తెలియదు. కొత్తగా చేరిన మనిషి. గొంతులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ తర్వాత గొంతు రాకపోవచ్చనీ డాక్టరు చెప్పగానే, మూడు వారాలు కూర్చుని నలభై పాటలు రికార్డు చేసింది. తను పాడలేకపోయినా పిల్లలు విని నేర్చుకుంటారని వాటిని క్లౌడ్‌లో పెట్టి, ఫోల్డరుకు 'పాట' అని పేరు పెట్టింది. పి, ఏ, టి, ఏ.

రెండు నెలల తర్వాత మెడకు స్కార్ఫ్ చుట్టుకుని వచ్చింది. గొంతు నిజంగానే పోయింది. కంప్యూటరు ముందు అరగంట కూర్చుని, చిన్న నోటుపుస్తకంలో రాసి ప్రిన్సిపాలుకు చూపించింది: "నా పాటలు లేవు."

"క్లౌడ్ కదమ్మా, ఎక్కడో మింగేసుంటుంది," అన్నాడాయన. వైరమ్మ వైపు తిరిగి, "అంతేగా?" అన్నాడు.

కోడలు ఏ రోజు ఏం తుడిచిందో రాసిపెడుతుంది. టీచరు వెతుకుతుండగానే వైరమ్మ ఆ చిట్టా చూసి వచ్చింది. సెలవుల్లో ఒక సోమవారం, ఒక ఫోల్డరు, నలభై ఫైళ్ళు. కోడలికి చెప్పింది చెయ్యడమే తెలుసు, ఎందుకని అడగడం తెలియదు. అలా పెంచిందెవరో వేరే చెప్పాలా! నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"క్లౌడూ కాదు, గాలీ కాదు సార్. నా స్క్రిప్టే తుడిచేసింది. 'పాట'ని 'పాత' అనుకుంది. తప్పు నాదే."

టీచరు నోటుపుస్తకం మూసేసింది. తిట్టినా బాగుండేదనిపించింది వైరమ్మకు.

నెట్ మొరాయించినా పాఠం ఆగకూడదని, క్లాసు కంప్యూటర్లు ఒకసారి వినిపించిన పాటను తమ దగ్గరే దాచుకుంటాయి. ఆ సంగతి మధ్యాహ్నానికి గుర్తొచ్చింది. ఇరవైరెండు కంప్యూటర్లనూ గాలించి, దొరికినదాన్ని ఒకచోట చేర్చే స్క్రిప్టు రాసింది. దీనికి ఏ చుట్టరికమూ కలపలేదు. టీచరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తెర మీద పాటలు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. పది. పంతొమ్మిది. ముప్పై. ముప్పైమూడు దగ్గర ఆగింది.

రెండోసారి నడిపింది. ముప్పైమూడే.

"అన్నీ పోయాయనుకుంటే ఇన్ని దొరికాయి, నయమేగా," అని ప్రిన్సిపాలు వెళ్ళిపోయాడు.

దొరకని ఏడింటి పేర్లూ టీచరు వరసగా రాసుకుంది. అన్నీ కష్టమైనవి, చివరి వారం, నొప్పి ఓర్చుకుంటూ, ఒక్కోటీ పదేసిసార్లు పాడి రికార్డు చేసినవి. కింద రాసింది: "ఇవి మాత్రమే ఎందుకు రాలేదు?"

డిస్కు పాడైందని చెప్పొచ్చు. ఆ మాట వైరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఎవరైనా ఒక్కసారి పెట్టుకుని వింటేనే కాపీ మిగులుతుంది టీచరుగారూ," అంది.

టీచరు పెన్ను మూత పెట్టేసింది. మళ్ళీ తీసి రాసింది.

"అంటే ఈ ఏడు పాటలూ ఎవరూ వినలేదా?"

"లేదండీ," అంది వైరమ్మ.