బోరింగుకు కట్టిన తీగ

అమలాపురం నుంచి బండారులంక వెళ్ళే దారిలో తాతబ్బాయి కొట్టుకి బోర్డు లేదు. ఉన్న బోర్డు ఏదో గాలివానకి ఎగిరిపోతే మళ్ళీ రాయించుకోవడానికి ఆయనకి తీరిక దొరకలేదు, జనానికి దాని అవసరమూ కనపడలేదు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్ల మీదుగా అరవై మూడో ఏటికి వచ్చిన మనిషి. ఆదివారం పొద్దున్న మాత్రం బేరాలు ముట్టుకోడు. ఆ పూట కరెంటు పని సరదాకి నేర్చుకునేవాళ్ళది. ఫిజిక్సు చెప్పే లెక్చరరు ఒకాయన, ఒక దర్జీ, రిటైరైన పోస్టుమాస్టరు, ఇంకో ఇద్దరు ముగ్గురు, తలా ఒక విప్పిన పెట్టె చంకన పెట్టుకుని వస్తారు. ఒకరిది గుయ్యిమనే ఆంప్లిఫయరు, ఇంకొకరిది ఎన్నిసార్లు వేసినా ఫ్యూజు నిలవని చార్జరు.

ఆయన చెప్పే మాటలు వాళ్ళకి కంఠతా వచ్చేశాయి. బాగుచేసిన పెట్టెను నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు, మధ్యలో వంద వాట్ల బల్బు తగిలించు. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టు. స్విచ్చు కట్టేసినా కెపాసిటరు చావదు, అందులో మిగిలిన కరెంటు ఊపిరి తీసి గాని చెయ్యి పెట్టొద్దు. లైను మీద కొలతలు తీసేటప్పుడు ఎడం చెయ్యి జేబులో ఉంచుకో, కొట్టినా గుండె మీదుగా పోదు. ఫ్యూజు ఎందుకు పోయిందో తెలియకుండా లావు తీగ వేశావంటే నువ్వు మెకానిక్కువి కాదు, ఇంటికి నిప్పు పెట్టేవాడివి. ఇన్ని జాగ్రత్తలు చెప్పే మనిషి చేతుల మీదుగానే ఒక ప్రాణం పోయింది. ఆయన బతుకులో మిగతావన్నీ ఎవరైనా చెప్తారు గనక నేను ఇదొక్కటే చెప్తాను.

ఆరేళ్ళ కిందట ఒక గాలివానకి చేనేత వీధిలో న్యూట్రల్ తీగ తెగిపడింది. స్తంభం నుంచి ఫేజు వస్తోంది, లైటు వెలగదు. కరెంటుకి వచ్చే దారి ఒకటుంటే చాలదు, తిరిగి పోయే దారి కూడా ఉండాలి, ఆ దారే న్యూట్రల్. డిపార్టుమెంటు వాళ్ళు ఇదిగో అదిగో అంటూ మూడు రోజులు గడిపేశారు. పెళ్ళిళ్ళ రోజులు. మగ్గాల మీద చీరలు సగంలో ఆగిపోయాయి, గుంటమగ్గంలో కూర్చుంటే పట్టపగలే చీకటి. అప్పుడు తాతబ్బాయి ఒక ఉపాయం పన్నాడు. కోనసీమ మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పదడుగులు దిగితే నీళ్ళు. ప్రతి పెరట్లోనూ ఇనప గొట్టంతో చేతి బోరింగు ఉంది. ఇంట్లోంచి న్యూట్రల్ తీగ లాక్కొచ్చి ఆ బోరింగు మెడకి చుట్టి కట్టాడు. కరెంటుకి తిరుగుదారి తడి భూమిలోంచి దొరికి లైటు భేషుగ్గా వెలిగింది. సాయంత్రానికి వీధి వీధంతా వెలిగింది.

దానికి జనం 'తాతబ్బాయి న్యూట్రల్' అని పేరు కూడా పెట్టేశారు. ఆయనకి లోపల ఎంత గర్వమో! నాలుగో రోజున అసలు న్యూట్రల్ వచ్చింది. బోరింగు తీగలు విప్పెయ్యడానికి ఆ పూటే మంచి సమయం. కానీ ఆయన, 'ఉండనివ్వండి, మళ్ళీ గాలొస్తే పనికొస్తుంది' అన్నాడు. మెచ్చుకోలు తలకెక్కితే ఎంత తెలిసినవాడికైనా కళ్ళు కనపడవు. అది తప్పని పుస్తకాల్లో చదివినవాడే ఆ మాట అన్నాడు.

ఈ ఆరేళ్ళలో ఉప్పునీళ్ళు ఇనప గొట్టాల్ని తినేశాయి. ఒక్కొక్కరే భూమిలోని గొట్టం పీకించి ప్లాస్టిక్కుది దింపించుకున్నారు. పైన కనిపించే బోరింగు తల, పిడి మాత్రం పాత ఇనుమే. దాని మెడకి చుట్టిన తీగ జోలికి ఎవరూ పోలేదు. ఆ వీధిలో మగ్గం నేసే గంగబాబు కూడా మొన్న వేసవిలో గొట్టం మార్పించాడు. ప్లాస్టిక్కు వేస్తున్నారని తాతబ్బాయికి తెలుసు. అవతల తన తీగ ఉందనీ తెలుసు. ఆ రెంటినీ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆషాఢంలో ఒక రాత్రి ఈదురుగాలికి గంగబాబు ఇంటికి వచ్చే న్యూట్రల్ స్తంభం దగ్గర తెగింది. తెల్లవారుతూనే అతను లేచి మగ్గం మీది లైటు స్విచ్చు వేశాడు. వెలగలేదు. కరెంటు లేదే అని పెళ్ళాం దానమ్మతో చెప్పి, స్విచ్చు అలాగే వదిలేసి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి తడి గచ్చు మీద నిలబడి బోరింగు పిడి పట్టుకున్నాడు. దానమ్మ వెళ్ళేసరికి గచ్చు పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కరెంటే లేని ఇంట్లో కరెంటు కొట్టిందని ఎవరనుకుంటారు? ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి గుండె ఆగిందన్నాడు. మధ్యాహ్నం లైన్‌మన్ తీగ అతికేదాకా బోరింగు ఎవరూ ముట్టుకోలేదు, సాయంత్రానికి దహనం అయిపోయింది.

మూడో రోజు తాతబ్బాయి పరామర్శకి వెళ్ళాడు. కాళ్ళు కడుక్కోమని పెరట్లోకి పంపించారు. బోరింగు మెడకి తను వేసిన మూడు చుట్ల ముడి కనిపించింది. కింద తెల్లటి ప్లాస్టిక్కు గొట్టం కనిపించింది. ఆ పొద్దున్న ఇక్కడ తెగింది న్యూట్రలేనని లైన్‌మన్ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పకుండా మెయిన్ ఆపి, ఆ తీగ కోసి, జేబులో పెట్టుకుని, తిన్నగా వీధిలో పడ్డాడు. మూడిళ్ళు తిరిగాడు. తీగ పాతదైపోయింది, తీసేస్తానన్నాడు. వాళ్ళు నవ్వేరు. మీరే కట్టి మీరే వద్దంటే ఎలాగండీ, తుఫాన్ల రోజులు ముందున్నాయి కదా అన్నారు. ఎందుకు తియ్యాలో చెప్పాలి. చెప్పాలంటే గంగబాబు పేరు ఎత్తాలి. అది ఎత్తకుండానే తిరిగి వచ్చేశాడు. ఆ ఆదివారం కొట్టు తియ్యలేదు.

తలుపు వేసుకుని కూర్చున్నా దానమ్మ మాటలు ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి. చనిపోవడానికి రెండు రోజుల ముందు గంగబాబు గుండెల్లో మంటగా ఉందన్నాడట. ఆవిడ పులుపు తిన్నావని కసిరి, శొంఠి నీళ్ళు కాచి ఇచ్చిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు, చేజేతులా చంపుకున్నానని వచ్చినవాళ్ళందరి దగ్గరా గుండెలు బాదుకుంటోంది. చుట్టాల్లో కొందరు అవునన్నట్టే తలలూపుతున్నారు. తన తప్పు ఆవిడ మోస్తోంది. ఆ సంగతి తాతబ్బాయికి అన్నం ముద్ద దిగనివ్వలేదు. చెప్తే పోలీసులు రావచ్చు, నలభై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోవచ్చు. చెప్పకపోతే ఆవిడ బతికినన్నాళ్ళూ అలాగే బాదుకుంటుంది. పైగా మిగతా ఇళ్ళలో ఆ తీగలు ఉండనే ఉన్నాయి. తొమ్మిదో రోజున వెళ్ళాడు.

దానమ్మ వసారాలో గోడకి చేరబడి కూర్చుంది. పక్కన ఆడపడుచు ఉంది. కుర్చీ వేసినా ఆయన కూర్చోలేదు.

"నీ చేతుల్లో ఏం లేదమ్మా దానమ్మా. గంగబాబుది గుండె కాదు, కరెంటు. బోరింగుకి ఆ తీగ కట్టింది నేనే."

ఆవిడ పెరటి వైపు చూసింది. "ఆ పొద్దున్న కరెంటు లేదు కదండీ అన్నయ్యగారూ. లైటు వెలగలేదు."

"లైటు వెలగలేదంటే కరెంటు రాలేదని కాదమ్మా. వచ్చింది. స్తంభం దగ్గర తీగ తెగి, గొట్టం ప్లాస్టిక్కుదై, తిరిగి పోయే దారి లేక బోరింగులో ఆగింది. పిడి పట్టుకున్నాక అతన్నే దారి చేసుకుంది."

"మరి ఆ మంట?"

"ఒట్టి మంటే అయ్యుంటుంది. నువ్వు ఆసుపత్రికి తీసికెళ్ళి తీసుకొచ్చినా, ఆ పొద్దున్న ఆ పిడే పట్టుకునేవాడు."

దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ తొమ్మిది రోజుల్లో గుండెలు బాదుకోకుండా ఏడవడం అదే మొదలు. ఆడపడుచు తాతబ్బాయిని నానా మాటలూ అంది. ఆయన తల వంచుకుని పడ్డాడు. దానమ్మ క్షమించాననీ అనలేదు, శాపనార్థాలూ పెట్టలేదు. ఏడుపు ఆగాక ఇంకా ఎన్ని ఇళ్ళకి కట్టేరండి అని మాత్రం అడిగింది.

"ఈ వీధిలో ఇరవై ఆరు. గొట్టాలు మార్చినవి పది పైనే ఉంటాయి."

"వాళ్ళకి చెప్పేరా?"

"తీసేస్తానన్నానమ్మా. వినలేదు. ఎందుకో చెప్పలేకపోయాను."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఇంకా పెద్దకార్యం కాలేదు, మైలలో ఉన్నావు, భర్త పోయిన మనిషి ఎదురైతేనే జనం మొహం తిప్పుకుంటారు, ఎవరి గుమ్మంలోకి వెళ్తావంది. అవన్నీ దానమ్మకి తెలియనివి కావు. ఎవరింట్లో మైల ఉన్నా ఇన్నాళ్ళూ తనూ అలాగే తప్పుకుంది. చెయ్యి విడిపించుకుని వీధిలోకి నడిచింది. తాతబ్బాయి సంచీ తీసుకుని వెనకాల వెళ్ళాడు.

మొదటి ఇల్లు రాజ్యలక్ష్మిది. దానమ్మకి వరసకి వదిన. కూతురికి పెళ్ళి కుదిరి పసుపు దంచే ముహూర్తం చూసుకుంటున్నారు. గుమ్మంలో దానమ్మని చూడగానే రాజ్యలక్ష్మి ఉలిక్కిపడి, కూతుర్ని లోపలికి పొమ్మని సైగ చేసింది. వీధిలో నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తాతబ్బాయి ఈసారి తప్పించుకోలేదు. గంగబాబు ఎలా పోయాడో, ఎవరి వల్ల పోయాడో అందరికీ వినపడేలా చెప్పాడు.

దానమ్మ మెట్టు ఎక్కలేదు. ఎండలో, వీధి మధ్యన నిలబడింది.

"నేను గడప తొక్కనులే వదినా. నా మొహం చూడొద్దు, అటు తిరిగే వెళ్ళి మెయిన్ ఆపు. ఆయన్ని లోపలికి రానీ. తీగ తీసేదాకా నేనిక్కడే నుంచుంటాను."

రాజ్యలక్ష్మి అటు తిరగలేదు. దానమ్మ మొహంలోకే చూస్తూ వెనక్కి రెండడుగులు వేసి, చేత్తో గోడ తడుముకుని మెయిన్ కిందికి దింపింది.