తడిగుడ్డలో బొబ్బర్లు

మా అక్క భయపడని రోజు ఈ ఇంట్లో అడుగుపెట్టాక నేను చూడలేదు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోటికోడలు, మా బావగారి భార్య. మబ్బు పడితే భయం, పట్టకపోతే భయం. పిల్లి పెరట్లోంచి పరిగెత్తితే ఎలుకలు పెరిగాయేమోనని భయం. వీధంతా ఆమెను గాదెమ్మ అంటారు. అందరి బొబ్బరి విత్తనమూ ఏడాదంతా మా కొట్టుగదిలోనే ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె చిన్నప్పుడు ఒక కరువు ఏడాది, పిల్లల ఏడుపు చూడలేక వాళ్ళమ్మ విత్తనాల కుండ దించి ఉడకబెట్టిందట. ఆ పూట అందరూ కడుపునిండా తిన్నారు. తరవాత వానలు బాగానే పడ్డాయి, చల్లడానికే గింజ లేదు. ఆ ఏడు అక్క తమ్ముడు బతకలేదు. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, చేట ఆపకుండా చెరుగుతూనే. మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అందుకే అక్క ఒక కట్టుబాటు పెట్టింది. పంట ఇంటికి రాగానే విత్తనమంతా తెచ్చి మాకే ఇవ్వాలి, ఎవరూ ఇంట్లో దాచుకోకూడదు. "ఇంట్లో ఉంటే ఆకలేసిన రోజు చెయ్యి దానిమీదకే పోతుంది. నా దగ్గరుంటే అడగడానికి జంకుతారు" అనేది. నిజమే, మా అక్క మొహం చూస్తే ఆకలి కూడా తర్వాత వస్తానంటుంది.

బొబ్బర్లంటే మాకు ప్రాణం. జొన్న సాళ్ళ మధ్య వేస్తే నేలకి సత్తువ, లేత ఆకు కూరకి, గింజ పిల్లలకి. "ఒట్టి జొన్నతో కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు, పప్పుగింజ, ఆకుకూర కలిపి పెట్టు" అని టీకాలేసే నర్సమ్మ నా చిన్నకూతురి పుల్లల్లాంటి చేతులు పట్టుకుని నన్ను కోప్పడింది. అప్పటినుంచి దానికి గుప్పెడు బొబ్బర్లు ఉడకబెట్టి పెడుతున్నాను. చేతులు కాస్త నిండుతున్నాయి.

కిందటి కోతలప్పుడు ముసురు పట్టింది. ఎండ వచ్చినట్టే వచ్చి పోయేది. గింజ ఆరిందో లేదో అక్క ఎప్పుడూ దవడ పళ్ళ మధ్య పెట్టి చూస్తుంది. టక్కుమని విరిగితే ఆరినట్టు, మెత్తగా గాటు పడితే ఇంకా పచ్చి ఉన్నట్టు. ఆ దవడ పళ్ళు ఆ ఏడే ఊడిపోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. వాటితో నవ్వితే మా చిన్నది జడుసుకుని నా కొంగులో దూరేది. అక్క ఆ కొత్త పళ్ళతోనే గింజ కొరికింది. టక్కుమంది. "ఆరింది. కానివ్వండి, పురుగు పట్టకముందే మూతలు పెట్టండి" అని అందర్నీ తరిమింది. బూడిద కలిపి, డ్రమ్ముల్లో పోసి, గాలి చొరకుండా మూతల చుట్టూ మైనం పూశాం.

ఈ ఏడు వానలు ముందే వచ్చేలా ఉన్నాయి. విత్తనాల కొట్టులో బొబ్బర్లు లేవు, ఈసారి సరుకే రాలేదన్నారు. ఎవరూ కంగారుపడలేదు. మా కొట్టుగది ఉందిగా!

విత్తే ముందు కొన్ని గింజలు తడిగుడ్డలో చుట్టి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టడం అక్క అలవాటు. మొలకొస్తే విత్తనం బతికున్నట్టు. ఈసారి డ్రమ్ము మూత ఎత్తగానే ముక్కిన వాసన కొట్టింది. నేను ముక్కు మూసుకున్నాను.

"ఏడాదిగా మూసిన డ్రమ్ము, అత్తరు వాసనొస్తుందా?" అని అక్క కసిరింది. కానీ ఏరిన గింజల్నే మళ్ళీ మళ్ళీ ఏరింది.

మొలకలు రావలసిన రోజు దాటాక గుడ్డ విప్పింది. గింజలు ఉబ్బి, జిగురుగా, చుట్టూ బూజు. ఒక్కదానికీ మొలక లేదు. అక్క రెండో డ్రమ్ము తెరిచింది. అదే వాసన. అడుగున చెయ్యి పెడితే గింజ ముద్దలు కట్టి ఉంది. తినడానికి కూడా పనికిరాదు, బూజు గింజ విషం.

అక్క అక్కడే కూలబడి, ఒక గింజ తీసి దవడన పెట్టి కొరికింది. టక్కుమంది. తీసి చూసుకుంది. గింజ విరగలేదు, మెత్తగా నొక్కుకుపోయి ఉంది. మళ్ళీ నోరు ఖాళీగా పెట్టుకుని పళ్ళు కొట్టింది. అదే టక్కు.

"ఏమే చెల్లీ... ఆ చప్పుడు పళ్ళదే."

ఆమె వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"ఎవరికీ చెప్పకు. అడిగితే ఇచ్చేద్దాం. మొలవకపోతే వాన చెడగొట్టిందనుకుంటారు."

నోట్లో నువ్వుగింజ నానని దాన్ని నేను. అయినా ఆ క్షణంలో సరేనందామనే అనిపించింది. బయట ఆ మనుషుల మొహాలు చూడాలంటే అంత భయమేసింది. కానీ మా చిన్నది గోడవతల ఏదో పాట పాడుకుంటోంది.

"అక్కా, చచ్చిన గింజ చల్లి, మొలుస్తుందని ఎదురుచూసి, అదును దాటాక తెలిస్తే వాళ్ళేం తింటారు? ఇప్పుడే తెలిస్తే కనీసం ఎక్కడైనా వెతుక్కుంటారు."

"చంపుతారే నన్ను."

"చంపితే ఇద్దర్నీ చంపుతార్లే, పద" అన్నాను. పైకి వేళాకోళంగానే అన్నాను.

వెళ్ళక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నమే మబ్బు కమ్ముకుంది. సంచులు పట్టుకుని జనమే వచ్చారు. ముందు కుట్టుమిషన్ వదిన, వెనక గొంతు తాత. ఆయన గుసగుసలాడితే పక్క వీధికి వినపడుతుంది. ఇంకా చాలామంది. బావగారు అరుగు మీద తలొంచుకుని కూర్చున్నారు. అక్క గుమ్మంలో నిలబడి తడిగుడ్డ విప్పి చూపించింది.

"నేనే చంపేశాను" అంది. "పచ్చి గింజకి మూత పెట్టించాను. ఒక్కటీ మొలవదు."

గొంతు తాత కూడా మాట్లాడకపోయేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుట్టుమిషన్ వదిన సంచి మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే అలాగే వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. కర్రలు తేవడానికే వెళ్ళారనుకుని నేను చిన్నదాన్ని ఇంట్లోకి లాక్కొచ్చాను. అక్క మాత్రం గుమ్మంలోనే ఉంది.

మొదట కుట్టుమిషన్ వదినే తిరిగొచ్చింది, చేతిలో గుండీలు వేసుకునే డబ్బాతో. "ఇవి... అప్పుడు ఇవ్వడం మర్చిపోయాను గాదెమ్మా" అంది నేల చూపులు చూస్తూ. డబ్బా నిండా బొబ్బర్లు.

వెనకే తాత, బూడిదలో కలిపిన కుండ పట్టుకుని. "నేనేం దాచలేదు! మా ఆవిడే..." అన్నాడు, ఎవరూ అడగకముందే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వాలకం. తరవాత సీసాలు, మూటలు, పాత టీ డబ్బాలు. వీధిలో కట్టుబాటు తప్పని ఇల్లు ఒక్కటంటే ఒక్కటి లేదు. అందరికీ అక్కంటే భయమే, అక్క మీద నమ్మకం మాత్రం ఎవరికీ పూర్తిగా లేదు.

అక్క మొహం చూడలేకపోయాను. ఊరట, అవమానం కలగలిసి ఏడుస్తూ నవ్వుతోంది. డబ్బాల్లోంచి గింజ తీసి కొరకబోయి, ఆగి, నా నోట్లో పెట్టింది. కటుక్కున రెండు ముక్కలైంది.

అన్నీ కలిపినా పొలాలన్నిటికీ చాలవు. తలా కాస్త చల్లుకుంటే వచ్చే ఏటి విత్తనానికి సరిపోతుంది. ఈ ఏడు పిల్లలకి గుప్పెడు అనుమానమే. మా చిన్నదాని చేతులు చూస్తే నాకు ఇప్పటికీ భయంగానే ఉంది.

"పంటొచ్చాక మళ్ళీ నీకే తెచ్చిస్తాం" అన్నాడు తాత, సిగ్గుపడుతూ.

"వద్దు!" అని అక్క అరిచింది. "ఎవరి గింజ వాళ్ళింట్లోనే ఉండనీండి. ఒక్క చోటే ఉంటే ఒక్కరి తప్పుకి అందరూ పస్తే."

"మరి ఆకలేస్తే?" అంది కుట్టుమిషన్ వదిన.

అక్క ఆ వదిన డబ్బా మూత బిగించి ఆమె చేతికిచ్చింది.

"ఆకలేస్తే దీని మూత తియ్యకు. మా ఇంటికొచ్చి నా కంచంలోది తిను."